ఇంటి నాస్‌కి 16 టీబీ డ్రైవులు: కొత్తవా, రీఫర్బా, సీసీటీవీవా?

బెజవాడ_క్లిక్

నమస్తే అండి. పెళ్లి ఫొటోలు, వీడియోల పని మాది. 14 టీబీ డేటా ఆరేడు యూఎస్‌బీ డ్రైవుల్లో చెల్లాచెదురుగా పడి ఉంది. ఏడాదికి మరో 5 టీబీ దాకా తోడవుతుంది. అంతా ఒక నాస్ పెట్టెలోకి (ఇంటి నెట్‌వర్క్ మీద వాడుకునే స్టోరేజీ) తెచ్చుకోవాలి.

పెట్టె ఇదీ: పాత ఆఫీసు టవర్, ఎనిమిదో తరం ఐ5, 16 జీబీ ర్యామ్, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), బోర్డు మీద నాలుగు సాటా పోర్టులు, ఒక ఎం.2 స్లాటు. ట్రూనాస్ (నాస్ నడిపే సాఫ్ట్‌వేర్) వేస్తాను. నాలుగు 16 టీబీ డ్రైవులతో రెయిడ్‌జెడ్1 (ఒక డ్రైవు పోయినా డేటా నిలిచే పద్ధతి, రెయిడ్ 5 లాంటిది) పెడితే 48 టీబీ చేతికొస్తుందని నా లెక్క.

డ్రైవుల దగ్గరే తెగట్లేదు. ఐరన్‌వుల్ఫ్, రెడ్ ప్లస్ లాంటివి "నాస్ డ్రైవులు" అంటారు. ఎక్సోస్ లాంటి ఎంటర్‌ప్రైజ్ డ్రైవు ఒక్కోసారి వాటికన్నా చవగ్గా కనపడుతోంది, ఎందుకో అర్థం కాదు. సీసీటీవీ షాపులో అడిగితే "పర్పుల్ గానీ స్కైహాక్ గానీ పెట్టేయండి సార్, రాత్రింబగళ్లు తిరిగేవే కదా" అంటున్నారు. ఆన్‌లైన్‌లో రీఫర్బిష్డ్ ఎక్సోస్ 16 టీబీ దాదాపు సగం ధరకే ఉంది. ఏ కంపెనీది తక్కువ పోతుందో చెప్పండి, అదే కొనేస్తాను. అన్నట్టు, మే నెలలో మా గది వేడి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

డిస్క్_మేస్త్రి

కంపెనీ పేరుతో మొదలెడితే ఇది తేలదండి. బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా స్టోరేజీ కంపెనీ తన డేటా సెంటర్లలో ఏ మోడల్ డ్రైవు ఎంత శాతం పోతోందో 2013 నుంచి లెక్క కడుతోంది, ఆ లెక్కలు బయటపెడుతోంది. మొత్తం మీద ఏడాదికి పోయినవి 2021లో 1.01 శాతం, 2022లో 1.37, 2023లో 1.70, 2024లో 1.57. ఆ పట్టికల్లో కంపెనీకీ కంపెనీకీ ఉన్న తేడా కన్నా, ఒకే కంపెనీ మోడళ్ల మధ్య తేడా ఎక్కువ. సీగేట్ వాళ్ల పాత 3 టీబీ ఎస్‌టీ3000డీఎం001 అక్కడ ఎంత అపకీర్తి మూటగట్టుకుందో తెలిసిందే. అదే సీగేట్ 16 టీబీ ఎక్సోస్, ఎస్‌టీ16000ఎన్‌ఎం001జీ, అదే పట్టికల్లో బుద్ధిగా నడిచింది. కాబట్టి చూడాల్సింది మోడల్ నంబరు.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. ఏడాదికి 1.5 శాతం అనుకుంటే, నాలుగు డ్రైవుల్లో కనీసం ఒకటి ఐదేళ్లలో పోయే అవకాశం సుమారు నాలుగో వంతు. దాన్ని 1 శాతానికి దించే మోడల్ వెతికి పట్టుకున్నా ఆ అవకాశం ఐదో వంతు దగ్గరే ఆగుతుంది. "పోని డ్రైవు" అని ఏదీ లేదు. పోయినప్పుడు మిగతా పెట్టె తట్టుకునేలా ఉండాలి, అంతే.

ఇక ఎంపికలో నిజంగా లెక్కలోకొచ్చేవి రెండు.

మొదటిది సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కనే రాసే పద్ధతి) కావడం. ఎస్‌ఎంఆర్ డ్రైవులో ట్రాకులు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పడుకుని ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని పైవరసలన్నీ తీసి మళ్లీ పేర్చాలి కదా, అక్కడా అంతే: ఒక చోట తిరగరాయాలంటే ఆ పట్టీలో ఆ తర్వాతున్నదంతా మళ్లీ రాయాలి. చిన్నచిన్న రాతలప్పుడు ఇది తెలియదు, ఎందుకంటే డ్రైవు ముందు తనలోని ఒక సీఎంఆర్ మూలలో రాసుకుని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. పోయిన డ్రైవు స్థానంలో కొత్తది పెట్టి రీబిల్డ్ మొదలెట్టినప్పుడు ఖాళీ అనేదే దొరకదు. ఆ మూల నిండిపోయాక వేగం కుప్పకూలుతుంది, ఒక రోజు పని వారం దాటుతుంది, ఈలోగా డ్రైవు జవాబివ్వడం లేదని పూల్ (డ్రైవులన్నీ కలిపిన గుంపు) దాన్ని గెంటేస్తుంది. 2020 ఏప్రిల్‌లో డబ్ల్యూడీ రెడ్ 2 నుంచి 6 టీబీ దాకా ఈఎఫ్ఏఎక్స్ మోడళ్లు ఎస్‌ఎంఆర్ అని, పెట్టె మీద ఆ ముక్క లేదని బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాతే రెడ్ ప్లస్ అనే పేరు వచ్చింది. ఇప్పుడు ఉత్త "రెడ్" అంటే ఎస్‌ఎంఆర్. రెడ్ ప్లస్, రెడ్ ప్రో రెండూ సీఎంఆర్. ఐరన్‌వుల్ఫ్, ఎక్సోస్, తోషిబా ఎన్300 సీఎంఆరే. డెస్క్‌టాప్ బారాకుడా 8 టీబీ, అంటే ఎస్‌టీ8000డీఎం004, ఎస్‌ఎంఆర్. మీరు 16 టీబీ అనుకుంటున్నారు కాబట్టి ఈ గండం చాలావరకు గట్టెక్కినట్టే, చిల్లర దుకాణాల్లో దొరికే ఎస్‌ఎంఆర్ ఎక్కువగా 8 టీబీ, అంతకు లోపే. మీ పాత యూఎస్‌బీ డ్రైవుల్లో మాత్రం ఉండే ఉంటాయి. వాటిని పూల్‌లో కలపకండి, బ్యాకప్‌కి వాడుకోండి. ఒకసారి రాసి బీరువాలో పెట్టే పనికి ఎస్‌ఎంఆర్‌తో ఏ పేచీ లేదు. ఒక చిన్న కిటుకు: హెచ్‌డీపారమ్ అనే లైనక్స్ కమాండుతో డ్రైవు వివరాలు తీసినప్పుడు, తిరిగే డ్రైవు "ట్రిమ్" సపోర్ట్ ఉందంటే అది ఎస్‌ఎంఆర్ అనుకోవచ్చు. లేదన్నంత మాత్రాన సీఎంఆర్ అని మాత్రం కాదు, కంపెనీ సైటులో జాబితా చూడాల్సిందే.

రెండోది ఈఆర్‌సీ, డబ్ల్యూడీ వాళ్ల భాషలో టీఎల్‌ఈఆర్. చదవలేని సెక్టారు తగిలితే డెస్క్‌టాప్ డ్రైవు మొండిపట్టు పట్టి నిమిషం, రెండు నిమిషాలైనా ప్రయత్నిస్తూనే ఉంటుంది. లైనక్స్ 30 సెకన్లు చూసి, పోర్టు రీసెట్ చేసేస్తుంది. ఒక సెక్టారు కోసం డ్రైవు మొత్తం బయటికి. నాస్, ఎంటర్‌ప్రైజ్ డ్రైవులు 7 సెకన్లకే చేతులెత్తేసి తప్పు ఒప్పుకుంటాయి, ఆ ముక్కని మిగతా డ్రైవుల నుంచి కట్టుకునే అవకాశం ఇస్తాయి. స్మార్ట్‌సీటీఎల్‌లో (డ్రైవు తన ఆరోగ్యం గురించి రాసుకునే "స్మార్ట్" వివరాలు చూపే కమాండు) "ఎస్‌సీటీ ఈఆర్‌సీ" చూస్తే 70, 70 అని ఉండాలి (సెకనులో పదో వంతుల లెక్క). కొన్ని మోడళ్లు కరెంటు తీసి పెట్టగానే దాన్ని మర్చిపోతాయి, అందుకని బూట్ స్క్రిప్టులో వేసేయండి.

పర్పుల్, స్కైహాక్ సంగతి. అవి తప్పులు పట్టించుకోకుండా డేటా పాడు చేస్తాయని ఒక మాట తిరుగుతుంటుంది, అది నిజం కాదు. తప్పు వచ్చినా ఆగకుండా సాగిపోయే పద్ధతి ఏటీఏ స్ట్రీమింగ్ కమాండ్లు పంపినప్పుడే పనిచేస్తుంది. డీవీఆర్ పంపుతుంది, ట్రూనాస్ పంపదు. కాబట్టి పనిచేస్తాయి. కానీ వాటిని ఒకే ధారగా రాసే పనికి సర్దారు. మీ లైట్‌రూమ్ కేటలాగులాంటి ముక్కముక్కల చదువుకి కాదు. ధరలో కలిసొచ్చేదీ పెద్దగా లేదు. షాపాయన దగ్గర స్టాకున్నది అవే, అందుకని అంటున్నాడు.

నాస్ రకానికీ ఎక్సోస్‌కీ కాగితం మీద తేడా: మామూలు ఐరన్‌వుల్ఫ్, రెడ్ ప్లస్‌లకి మూడేళ్ల వారంటీ, ఏడాదికి 180 టీబీ పని, ఎక్సోస్‌కి ఐదేళ్లు, 550 టీబీ. 180 చాలా ఎక్కువే కదా అనిపిస్తుంది. అయితే ఇందులో చదవడం కూడా కలిపే లెక్క. నిండుగా ఉన్న 16 టీబీ డ్రైవుకి నెలకోసారి స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూసే పని) పెడితే ఏడాదికి 192 టీబీ అక్కడికే అయిపోయింది! అంత మాత్రాన డ్రైవు పేలిపోదు లెండి, కానీ ధర దగ్గరదగ్గరగా ఉంటే ఎక్సోస్‌కే నా ఓటు. చప్పుడు మాత్రం ఎక్కువ. నాలుగు డ్రైవులు వెతుకులాడుతుంటే గదిలో ఎవరో జీడిపప్పు వేయిస్తున్నట్టు ఉంటుంది. డబ్ల్యూడీ అల్ట్రాస్టార్ రకాలు పని లేనప్పుడు కూడా ఐదు సెకన్లకోసారి "టక్" అంటాయి. అది జబ్బు కాదు, తల ఒకే చోట నిలవకుండా కదుపుకోవడం. తెలియక వెనక్కి పంపేవాళ్లు చాలామంది.

సీటీసీ_గల్లీ

అన్నా, మోడల్ సంగతి మేస్త్రి గారు చెప్పిండ్రు. నేను కొనేటప్పటి మోసాల గురించి చెప్త.

ఎక్సోస్ ఎందుకు చవక అంటే, అవి డేటా సెంటర్లకు టోకున పోయేవి. అక్కడ మిగిలినవో, సర్వర్ కంపెనీల కోసం తయారైనవో చిల్లరకు వస్తయి. డ్రైవు మంచిదే, కానీ వారంటీ ఉండదు. సీరియల్ నంబరు, దేశం ఇండియా అని పెట్టి కంపెనీ వారంటీ పేజీల చూస్తే "ఇది సిస్టమ్ తయారీదారుకు అమ్మింది, వాళ్లనే అడగండి" అని వస్తది. అట్ల వస్తే నీకు ఐదేళ్లు లేవు, షాపాయన నోటిమాటనే వారంటీ. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ అయినా, చెన్నై రిచీ స్ట్రీట్ అయినా, ఆన్‌లైన్ అయినా పద్ధతి ఒకటే: పైసలిచ్చే ముందు సీరియల్ ఫొటో అడుగు, చెక్ చెయ్యి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో. బిల్లు లేకుండా తక్కువకిస్తనంటే ఆ మిగులు నీది కాదు, రేపు వారంటీకి పోయిననాడు తెలుస్తది.

రీఫర్బ్ కొనొద్దని అనను. కానీ "రీఫర్బ్" అని చెప్పి అమ్మేది వేరు, పాతది కొత్తదని అమ్మేది వేరు. 2025 జనవరిల జర్మనీల బయటపడింది కదా: వేల గంటలు తిరిగిన సీగేట్ ఎక్సోస్‌లను స్మార్ట్ గంటలు సున్నా చేసి కొత్తవని అమ్మిండ్రు. చియా అనే క్రిప్టో కాయిన్ మైనింగ్ చేసి వదిలేసినవని అనుమానం. స్మార్ట్ సున్నా అయినా ఫామ్ అనే లోపలి లాగ్‌ల అసలు గంటలు దొరికినయి. స్మార్ట్‌మోన్‌టూల్స్ 7.4 నుంచి అది చదవచ్చు: స్మార్ట్‌సీటీఎల్, మైనస్ ఎల్, ఫామ్. అక్కడి "పవర్ ఆన్ అవర్స్", స్మార్ట్‌ల తొమ్మిదో నంబరు గంటలు ఒకటే ఉండాలె. ఒకటి 3 అని, ఇంకొకటి 22,000 అని చూపిస్తే అదే రోజు వాపస్. ఇది సీగేట్‌కు మాత్రమే. వేరేవాటికి కంటితోనే చూడాలె: సాటా కనెక్టర్ బంగారు పళ్ల మీద గీతలు, స్క్రూ రంధ్రాల అంచున రాసుకుపోయిన మరకలు, లేబుల్ మీద తయారీ తేదీ మూడేళ్ల కిందిది ఉండుడు.

ఇంకోటి, చానామంది పడే గుంత: ఎస్‌ఏఎస్ డ్రైవు, అంటే సర్వర్లల వాడే వేరే కనెక్టర్ రకం. ఎస్‌టీ16000ఎన్‌ఎం001జీ సాటా. ఎస్‌టీ16000ఎన్‌ఎం002జీ ఎస్‌ఏఎస్. ఒక్క అంకె తేడా. ఎస్‌ఏఎస్ డ్రైవు కనెక్టర్ల నడుమ ఖాళీ పూడిపోయి ఉంటది, నీ సాటా కేబుల్ అసలు ఎక్కనే ఎక్కదు. రీఫర్బ్‌ల బాగా చవకగా కనపడేవి ఎక్కువ ఇవే.

పార్సిల్ వచ్చినంక డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీసుకో. డ్రైవు ఒట్టి కవర్ల, చుట్టూ ఒక్క వరస బబుల్ తోని వస్తే కరెంటు కూడా పెట్టకు, వాపస్ పంపు. దెబ్బ తిన్న డ్రైవు మొదటి రోజు బాగానే తిరుగుతది, వాపస్ గడువు దాటినంక రీఅలొకేటెడ్ (పాడైపోయి పక్కకు పెట్టిన) సెక్టార్లు మొదలైతయి.

బెజవాడ_క్లిక్

ఇద్దరికీ చాలా థాంక్స్. ఎస్‌ఏఎస్ సంగతి నిజంగా తెలీదు, నేను చూసిన సగం ధర లిస్టింగ్ మోడల్ చివర 002జీ అనే ఉంది! బతికిపోయాను.

అయితే రెయిడ్‌జెడ్1 గురించి ఎవరూ ఏమీ అనలేదు. 16 టీబీ డ్రైవులతో రెయిడ్ 5 పెడితే రీబిల్డ్‌లో గ్యారంటీగా చచ్చిపోతుందని చదివాను. నిజమేనా?

జెడ్‌పూల్

గ్యారంటీ ఏమీ లేదు. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందంటే, డేటాషీటులో "10 టు ది పవర్ 14 బిట్లకి ఒక చదవలేని తప్పు" అని రాసి ఉంటుంది. 10^14 బిట్లంటే 12.5 టీబీ. 16 టీబీ డ్రైవు మొత్తం చదివితే కనీసం ఒక తప్పు తప్పదన్నమాట, కాగితం మీద. అదే నిజమైతే నెలనెలా స్క్రబ్ చేసే ప్రతివాడికీ నెలనెలా తప్పులు రావాలి. రావట్లేదు. అది కంపెనీ ఒప్పుకునే గరిష్ఠ హద్దు మాత్రమే. పైగా ఎక్సోస్ లాంటివాటికి 10^15 రాస్తారు. పాత రెయిడ్ కార్డులైతే రీబిల్డ్ మధ్యలో ఒక్క తప్పుకే మొత్తం వదిలేసేవి. జెడ్‌ఎఫ్‌ఎస్ (ట్రూనాస్ వాడే ఫైల్ సిస్టమ్) ఆ ఒక్క ఫైలు పేరు చెప్పి ముందుకెళ్తుంది.

అసలు భయం వేరు. 16 టీబీని సగటున సెకనుకి 190 ఎంబీతో రాసినా 23 గంటలు పైనే. నిండిన పూల్, పక్కన మీ ఎడిటింగ్ కూడా నడుస్తుంటే రెండు మూడు రోజులు. అన్నిరోజులూ మిగతా మూడు డ్రైవులు ఊపిరాడకుండా తిరుగుతాయి. అవీ అదే వయసువి, అదే వేడి తిన్నవి, బహుశా అదే బ్యాచ్‌వి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడేది అక్కడ.

నాలుగు డ్రైవులకి మీ ముందున్న దారులు: జెడ్1 అయితే 48 టీబీ, ఒకటి పోవచ్చు. జెడ్2 అయితే 32, ఏ రెండైనా పోవచ్చు. రెండు మిర్రర్ జతలైనా 32, కానీ ఒకటి పోయాక రెండోది దాని జతగాడే అయితే పూల్ గోవింద. మిగిలిన మూడింట్లో ఒకటి ప్రాణాంతకం అన్నమాట. మిర్రర్లో సుఖం ఏంటంటే రీబిల్డ్ తేలిక, రేపు రెండే రెండు డ్రైవులు మార్చి పెంచుకోవచ్చు. (32 టీబీ అంటే తెర మీద 29.1 టెబీబైట్లే కనిపిస్తాయి. ఎక్కడికీ పోలేదు, 1000కీ 1024కీ ఉన్న తేడా అది.)

మామూలుగా జెడ్2 అంటాను. కానీ మీకు ముందు ఒక ప్రశ్న: ఈ 14 టీబీకి ఇంకో కాపీ ఎక్కడుంటుంది? పొరపాటున డిలీట్ చేసినా, ర్యాన్‌సమ్‌వేర్ వచ్చినా, ఎస్‌ఎంపీఎస్ పిచ్చెక్కి నాలుగింటినీ ఒకేసారి కాల్చినా జెడ్2 కాపాడదు. ఐదు డ్రైవులకి డబ్బుంటే నాలుగు లోపల జెడ్2, ఒకటి బయట. నాలుగింటికే ఉంటే మూడింటితో జెడ్1 వేసి (అదీ 32 టీబీయే), నాలుగోది యూఎస్‌బీ డాక్‌లో పెట్టి బ్యాకప్ తీసి, వేరే ఇంట్లో దాచండి. పెట్టెలో రెండో పారిటీ (పోయిన డ్రైవు డేటా తిరిగి కట్టుకునే అదనపు లెక్క) కన్నా బయట రెండో కాపీ మేలు.

డిస్క్_మేస్త్రి

జెడ్‌పూల్ గారి మాటకి ఒక సవరణ. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3 (2025 జనవరి) నుంచి రెయిడ్‌జెడ్‌కి ఒక్కో డ్రైవు కలుపుకోవచ్చు కాబట్టి మూడింటితో మొదలెట్టడం బాగానే ఉంది. కానీ జెడ్1గా పుట్టింది జెడ్2 కాలేదు. ఎన్ని డ్రైవులు కలిపినా పారిటీ ఒకటే. పైగా కలిపాక పాత ఫైళ్లు పాత నిష్పత్తిలోనే ఉండిపోతాయి, వాటిని తిరగరాస్తేనే కొత్త జాగా పూర్తిగా దక్కుతుంది. రేపు ఐదారు డ్రైవులకి వెళ్లే ఆలోచన ఉంటే ఈరోజే జెడ్2.

జెడ్‌పూల్

నిజమే, అది చెప్పి ఉండాల్సింది. ఏడాదికి 5 టీబీ అంటే 14 నుంచి 32 నిండడానికి మూడున్నరేళ్లు, కాబట్టి పెంచాల్సి రావడం ఖాయం. సాటా పోర్టులు నాలుగే అన్నారు. పెంచేటప్పుడు పోర్ట్ మల్టిప్లయర్ ఉన్న చవక కార్డులు వద్దు: ఒక డ్రైవు తడబడితే అదే దారిలో ఉన్నవన్నీ పడిపోతాయి. ఏఎస్‌ఎం1166 చిప్పున్న ఆరు పోర్టుల కార్డు గానీ, ఐటీ మోడ్‌లో (రెయిడ్ చేయకుండా డ్రైవుల్ని నేరుగా చూపే పద్ధతి) పెట్టిన ఎల్‌ఎస్‌ఐ 9207-8ఐ గానీ చాలు. ఎల్‌ఎస్‌ఐది సర్వర్ గాలికి అలవాటుపడ్డ కార్డు, దాని హీట్‌సింక్ మీదికి చిన్న ఫ్యాను తిప్పండి.

ఇప్పుడు పరీక్ష. కొత్తదైనా, రీఫర్బ్ అయినా పూల్‌లో పెట్టేముందు చేయాల్సిందే. డ్రైవులు ఎక్కువగా పోయేది మొదట్లోనో, ముసలితనంలోనో. మొదట్లో పోయేదేదో వాపస్ గడువులోనే పోనివ్వండి.

ముందు స్మార్ట్ మొత్తం తీసి ఫైల్లో దాచుకోండి. తర్వాత షార్ట్ టెస్టు, రెండు నిమిషాలు. అది దాటితే బ్యాడ్‌బ్లాక్స్, రాసే పద్ధతిలో. ఇది డ్రైవుని పూర్తిగా తుడిచేస్తుంది, కాబట్టి ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అక్షరాలని నమ్మకండి, బూట్‌బూట్‌కీ మారతాయి. సీరియల్ నంబరున్న "బై-ఐడీ" పేరుతోనే కొట్టండి. మామూలుగా వదిలేస్తే నాలుగు నమూనాలు, ఒక్కోటి రాసి చదవడం, అంటే ఎనిమిది చుట్లు: 16 టీబీకి సుమారు ఎనిమిది రోజులు. అంత అక్కర్లేదు. ఒక్క నమూనా ఇస్తే రెండు రోజుల్లో అవుతుంది, నాలుగు డ్రైవులూ ఒకేసారి పెట్టొచ్చు. టీమక్స్‌లో నడపండి, లేకపోతే లాప్‌టాప్ మూయగానే పని ఆగిపోతుంది. బ్లాక్ సైజు 4096 ఇవ్వండి. 18 టీబీ, ఆపైన కొన్నవాళ్లకి అది సరిపోదు, 32 బిట్ల హద్దు దాటి మొదట్లోనే ఎర్రర్ ఇస్తుంది, 8192 ఇవ్వాలి. చివర్లో లాంగ్ టెస్టు, ఇది ఇంకో రోజు పైనే.

అన్నీ అయ్యాక స్మార్ట్‌లో చూడాల్సినవి 5, 197, 198 నంబర్లు (పాడైన, అనుమానమున్న సెక్టార్ల లెక్క). మూడూ సున్నా ఉండాలి. కొత్త డ్రైవులో ఒక్క రీఅలొకేటెడ్ సెక్టారున్నా నేనైతే వెనక్కి పంపుతాను, "ఒకటేగా" అనుకోను. 199 పెరిగితే డ్రైవుది తప్పు కాదు, సాటా కేబుల్ మార్చండి. సీగేట్‌లో 1, 7 నంబర్ల పక్కన కోట్లలో అంకెలు కనిపిస్తాయి. కంగారు పడొద్దు, అందులో ఎక్కువభాగం ఎన్నిసార్లు చదివిందో ఆ లెక్కే.

పరీక్ష పాసయ్యాక ప్రతి డ్రైవు ముందు అంచున సీరియల్ చివరి నాలుగు అక్షరాలు రాసి అంటించండి. అర్ధరాత్రి ఒకటి పోయినప్పుడు బతికున్నదాన్ని పీకకుండా ఉండేది దానివల్లే.

ఇన్వర్టర్_బాబాయ్

అందరూ డ్రైవుల గురించే చెప్తున్నారు, పెట్టె గురించి నేను చెప్తా బాబూ.

ఆఫీసు టవర్లలో పెద్ద డ్రైవుకి చోటు రెండింటికే ఉంటుంది చాలావాటిలో. మిగతా రెంటినీ అడుగున ఒకదానిమీద ఒకటి పేర్చేస్తే మే నెలలో వేపుడే. గది 38 డిగ్రీలుంటే, గాలి బాగా తగిలే డ్రైవు 46-48 దగ్గర ఉంటుంది. గాలి తగలనిది 60 దాటుతుంది. డేటాషీటులో 60, 65 అని రాస్తారు గానీ అది హద్దు, కాపురం చేసే చోటు కాదు. 45 లోపు సంతోషం, 50కి మెయిల్ వచ్చేలా అలర్ట్, 55 అయితే స్క్రబ్ ఆపి ఫ్యాను సంగతి చూడు. పాత సీడీ డ్రైవుల చోట పట్టే కేజీ ఒకటి తెచ్చి, ముందు 120 ఎంఎం ఫ్యాను డ్రైవుల మీదికే ఊదేట్టు బిగించు. డ్రైవుకీ డ్రైవుకీ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. ఇంకోటి, పెద్ద డ్రైవులు చాలావాటికి నడుమ స్క్రూ రంధ్రాలుండవు. పాత ట్రే రంధ్రాలు కలవకపోతే రెండే స్క్రూలతో వేలాడదీయకు, అదురుతుంది. స్క్రబ్‌ని ఎండాకాలం తెల్లవారుజామున మొదలయ్యేట్టు పెట్టుకో.

ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లు చాలు. తిరగడం మొదలయ్యే క్షణంలో ఒక్కో డ్రైవు 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, నాలుక్కీ కలిపి వంద వాట్లు. తర్వాత ఒక్కోటి 5 నుంచి 10 వాట్లే. గండం స్ప్లిటర్ దగ్గర: మోలెక్స్ నుంచి సాటాకి మార్చేవాటిలో ప్లాస్టిక్ కరిగించి పోతపోసిన రకం ఉంటుంది, లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయే బాపతు. తీగలు విడివిడిగా క్లిప్పులో గుచ్చినట్టు కనిపించే రకమే కొను.

కరెంటు. ఇంటి ఇన్వర్టర్ మీద పెడతావేమో, వెనకాల స్విచ్చి చూడు. "యూపీఎస్" మోడ్‌లో ఉంటేనే మార్పిడి కంప్యూటర్ తట్టుకునేంత త్వరగా అవుతుంది. మామూలు మోడ్‌లో ఫ్యాను ఆగదు గానీ నాస్ రీబూట్ అయిపోతుంది. అలా కరెంటు తెగినప్పుడల్లా డ్రైవు తలని హడావుడిగా పక్కకి లాక్కుంటుంది, స్మార్ట్‌లో 192 నంబరు పెరుగుతుంది. ఆ అంకె వారంవారం పెరుగుతోందంటే మీ కరెంటుకి రోగమన్నమాట. యూఎస్‌బీ పోర్టున్న చిన్న యూపీఎస్ ఒకటి పెట్టి, ట్రూనాస్‌లోనే ఉన్న యూపీఎస్ సర్వీసులో బ్యాటరీ మీదికి వెళ్లిన ఐదు నిమిషాలకి షట్‌డౌన్ అని ఇచ్చేయి. ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్ పెట్టేట్టయితే అది సైన్‌వేవ్ ఇన్వర్టరే అయి ఉండాలి. స్క్వేర్‌వేవ్ అయితే యూపీఎస్ దాన్ని కరెంటుగా ఒప్పుకోక బ్యాటరీ అయిపోయేదాకా తనే మోస్తుంది.

డాలస్_సూట్‌కేస్

అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే ఎక్స్‌టర్నల్ డ్రైవులు తెప్పించుకుని విప్పుకుందామని అనుకుంటారు, అందుకని రెండు ముక్కలు. లోపల ఏ మోడల్ వస్తుందో ముందే చెప్పలేం, విప్పాక వారంటీ కోసం ఇండియాలో తిరగడం దండగ. రెండోది, ఆ డబ్ల్యూడీ డ్రైవులు కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌కి తగిలిస్తే అసలు తిరగవు. చచ్చిపోయిందనుకుంటారు. సాటా పవర్‌లో మూడో పిన్నుకి 3.3 వోల్టులు వస్తే "ఆగిపో" అని అర్థం వాటికి. ఆ పిన్ను మీద సన్నటి కాప్టన్ టేపు అంటిస్తే లేచి కూర్చుంటాయి. రీఫర్బ్ ఎంటర్‌ప్రైజ్ డ్రైవులకీ ఇదే వర్తిస్తుంది, మన క్లిక్ గారు గుర్తుపెట్టుకోవాలి. తెచ్చేటప్పుడు చెక్-ఇన్ పెట్టెలో వద్దు, చేతి సంచిలోనే.

బెజవాడ_క్లిక్

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఇలా అనుకుంటున్నాను: కొత్త ఎక్సోస్ 16 టీబీ సాటా మూడు, ఇండియా వారంటీ సైటులో చూసి, రెండు వేరువేరు షాపుల నుంచి. నాలుగోది తోషిబా ఎంజీ సిరీస్ 16 టీబీ. నాలుగింటితో జెడ్2. ఐదోదానికి ఇప్పుడు బడ్జెట్ లేదు. పాత యూఎస్‌బీ డ్రైవుల్ని తుడవకుండా అలాగే బ్యాకప్‌గా ఉంచి, రెండు నెలల్లో ఒక పెద్దది కొంటాను. వేరే కంపెనీ డ్రైవు కలిపితే సైజు తేడా వస్తుందా?

జెడ్‌పూల్

రాదు. 16 టీబీ అని అమ్మేవన్నీ 16,000,900,661,248 బైట్లే ఉంటాయి. డ్రైవు రాగానే ఆ అంకె సరిచూసుకోండి. కంపెనీలు కలపడం మంచిదే, ఒకే ఫర్మ్‌వేర్ లోపం నాలుగింటినీ ఒకేసారి పట్టదు.

పాత డ్రైవుల్ని బ్యాకప్‌గా ఉంచుతానన్నారు కాబట్టి ఒకటి: కాపీ అయ్యాక ఆర్‌సింక్‌ని చెక్‌సమ్ పద్ధతిలో ఇంకోసారి నడిపి, పాతదీ కొత్తదీ బైటు బైటూ ఒకటేనని తేలాకే వాటిని అరలో పెట్టండి. ఒక పాత డ్రైవులో చదవలేని ఫైళ్లుంటే ఇప్పుడే బయటపడతాయి. ఆ పెళ్లివాళ్ల దగ్గర పెన్‌డ్రైవు కాపీ ఇంకా ఉండే అవకాశం ఇప్పుడే ఎక్కువ.

సీటీసీ_గల్లీ

తోషిబా ఎంజీ కూడా ఓఈఎం (సర్వర్ కంపెనీలకు అమ్మినవి) కిందనే ఎక్కువ వస్తది అన్నా, వారంటీ ఎవరు ఇస్తరో బిల్లు మీద రాయించుకో. మూడు ఎక్సోస్‌లలో రెండు ఒకే షాపుల కొంటే తయారీ తేదీలు వేరేవి ఇమ్మని అడుగు, స్టాకుంటే ఇస్తరు.